కొండ నారింజ తోటల యీగ: క్రొత్తజాతిని గుర్తించి వర్ణించు విధము

(వ్యవసాయదారుల కొఱకు చేయబడిన యుపన్యాసము)



నేడు నేను మీకు విన్నవింప దలచినది మిక్కిలి చిన్న ప్రాణిని గూర్చిన విషయము. అర అంగుళము పొడవు మాత్రము గల యొక యీగను గూర్చి యింత ప్రసంగ మేల యని మీలో కొందఱికి తోపవచ్చును. కాని చెట్టునిండ కాయలుండి, కోతకు ముందుగా అవి యొక్కటొక్కటిగా నేల రాలిపోవుటను చూచిన రైతునకు ఆ యీగ చిన్నది కాదు. అతని యప్పు తీరుటయు తీరకపోవుటయు దానిమీద నాధారపడి యుండును.

పంటకు కీడు చేయు పురుగు ఏదియో తెలియక మందు చల్లుట, దొంగ యెవడో తెలియక చీకటిలో కఱ్ఱ విసరుట వంటిది. దెబ్బ తగులవలసినవానికి తగులదు. మన కుండలే పగులును. కావున పురుగు పేరు తెలిసికొనుట పండితుల వినోదమని తలంపక, సేద్యపు పనులలో నదియు నొకటి యని భావింపుడు. శాస్త్రజ్ఞులు క్రొత్త యీగను ఎట్లు గుర్తింతురు, ఎట్లు వర్ణించి పేరు పెట్టుదురు, ఆ నిర్ణయము తప్పినయెడల రైతునకు కలుగు నష్ట మేమి, ఈ పనిలో రైతు చేయదగిన సహాయ మేమి, అను విషయములను వరుసగా చెప్పెదను.

సిక్కిము కొండల యీగ

హిమాలయ పర్వతముల దక్షిణపు వాలులయందు సిక్కిము రాష్ట్రమును, నేపాళ భూటాను దేశములును కలవు. అచ్చటి కొండచరియలలో మెట్లుమెట్లుగా నేలను చదును చేసి కమలా నారింజ చెట్లు పెంచుదురు. పెక్కు కుటుంబములకు చేతికి రొక్కము తెచ్చు ముఖ్యమైన పంట యదియే. భూటాను కమలాపండ్లు బంగ్లాదేశమునకును మన దేశమునకును ఎగుమతి యగుచుండును.

ఈ తోటలకు పట్టిన పీడ యొక పండు ఈగ. 1920వ సంవత్సరమున గుంథర్ ఎండర్లైన్ అను జర్మను కీటకశాస్త్రజ్ఞుడు సిక్కిము ప్రాంతపు నమూనాను పరీక్షించి, యిది యంతకు ముందు ఎవ్వరును వర్ణింపని జాతి యని నిర్ణయించి, దానికి పోలిస్టోమిమేటిస్ మినాక్స్ అని పేరు పెట్టెను. అందు మొదటి మాటకు కందిరీగను పోలినది యనియు, రెండవ మాటకు బెదరించునది యనియు అర్థము. ఆ పేరు తగియే యున్నది. ఈ యీగ సామాన్యమైన పండు ఈగలకంటె పెద్దది. పసుపును గోధుమయు కలిసిన వన్నె గలది. నడుము సన్నగిల్లి యుండును. ఆడ యీగకు వెనుకవైపున గ్రుడ్లు పెట్టు పొడవైన సూది యుండును. దూరమునుండి చూచినవారు కందిరీగ యనుకొని చేయి వెనుకకు తీసికొందురు. కాని యిది మనుష్యుని కుట్టదు. ఆ సూది పచ్చికాయను గ్రుచ్చుట కొఱకే యున్నది. తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని బాక్ట్రోసెరా అను ప్రజాతిలో చేర్చిరి. కావున నేడు బాక్ట్రోసెరా మినాక్స్ అని దీనిని వ్యవహరించుచున్నారు.

దీని జీవితక్రమము గమనింపదగినది. సంవత్సరమునకు ఒక్క తరము మాత్రమే కలుగును. చలికాలమంతయు మట్టిలో కొన్ని యంగుళముల లోతున, గోధుమరంగు గింజవలె కోశస్థదశలో నుండును. వసంతమున నేల వెచ్చబడగా రెక్కలతో వెలికి వచ్చును. కొన్ని వారములు ఆహారము తిని బలపడిన పిమ్మట, వేసవిలో పచ్చికాయలకు సూది గ్రుచ్చి లోపల గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్ల నుండి వచ్చు పురుగులు తొనలలోని గుజ్జు తిని పెరుగును. అట్టి కాయ కాలము కాకముందే పసుపెక్కి శరత్కాలమున రాలిపోవును. రాలిన కాయనుండి పురుగు వెడలి మట్టిలో చొచ్చి, మఱుసటి వసంతమునకై కాచుకొని యుండును. సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్లకు పైబడిన చల్లని తోటలలో దీని బాధ హెచ్చు. దిగువనున్న వెచ్చని లోయలలో మఱియొక జాతి పండు ఈగ ప్రబలును.

ఇదే యీగ చీనా దేశపు నారింజ తోటలలో కూడ నున్నది. అచ్చట 1940వ సంవత్సరమున చెన్ అను శాస్త్రజ్ఞుడు దానికి సిట్రీ అను పేరుతో వర్ణన వ్రాసెను. ఇట్లు ఒకే యీగ సిక్కిములో నొక పేరుతోను, చీనాలో నొక పేరుతోను గ్రంథముల కెక్కెను. తరువాత నమూనాలను ప్రక్కప్రక్క నుంచి పోల్చి, రెండును ఒకటే యని తేల్చిరి. ముందు పెట్టిన పేరునకే పెద్దఱికము కావున మినాక్స్ అను పేరు నిలిచినది. ఇందువలన రైతునకేమి యందురా? రెండు పేర్లున్నంత కాలము చీనా తోటలలో నేర్చిన మెలకువలు భూటాను రైతునకు చేరవు. వేఱొక పురుగు సంగతి యని ప్రక్కన పెట్టుదురు. పేరు ఒక్కటి కాగానే రెండు దేశముల యనుభవమును ఒక్కచోట చేరును.

ఈ యీగ చేయు నష్టము తోటతో ముగియదు. 2008వ సంవత్సరమున చీనాలోని సిచువాన్ రాష్ట్రమున గ్వాంగ్యువాన్ ప్రాంతపు నారింజపండ్లలో ఈ పురుగులు కానవచ్చెను. ఆ వార్త చేతి ఫోనుల ద్వారా దేశమంతట వ్యాపింపగా, పురుగు లేని ప్రాంతముల పండ్లను సయితము కొనువారు లేకపోయిరి. ఒక జిల్లా పురుగునకు దేశములోని నారింజ రైతులందఱును వెల చెల్లించిరి.

మన మామిడి తోటల యీగతో పోలిక

మనకు పరిచయమైన పండు ఈగ వేఱు. మామిడి, జామ మొదలగు పండ్లను పాడు చేయు దానిని శాస్త్రజ్ఞులు బాక్ట్రోసెరా డోర్సాలిస్ అందురు. ఫ్రీడ్రిఖ్ హెండెల్ అను ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు 1912వ సంవత్సరమున ఫార్మోసా, అనగా నేటి తైవాను, ద్వీపపు నమూనాలనుబట్టి దీనిని వర్ణించెను. ఇది కొండ యీగకంటె చిన్నది. వీపు నల్లగానుండి యిరుప్రక్కల పసుపు చారలుండును. కడుపుపై ఆంగ్లలిపిలోని టీ అక్షరమువంటి నల్లని గుర్తు కానవచ్చును. వెచ్చని దినములలో గ్రుడ్డు మొదలు రెక్కల యీగ యగువఱకు సుమారు మూడు నాలుగు వారములు చాలును. కావున సంవత్సరమునకు పెక్కు తరములు పుట్టును.

ఈ రెండింటి నడుమ రైతునకు మిక్కిలి ముఖ్యమైన భేద మొకటి గలదు. బీహారులోని పూసా పరిశోధనాలయమున పనిచేసిన ఫ్రాంక్ హౌలెట్ అను కీటకశాస్త్రజ్ఞుడు, కొన్ని పండు ఈగలలో మగవి సిట్రొనెల్లా నూనె వాసనకు మూగుటను 1912లో ప్రకటించెను. తరువాత వానిని మిక్కిలిగా నాకర్షించు పదార్థము మిథైల్ యూజినాల్ అని 1915లో తెలియజేసెను. నేడు మామిడి తోటలలో వ్రేలాడదీయు ఎరబుట్టలకు మూల మదియే. 1960వ దశకమున పసిఫిక్ సముద్రములోని రోటా ద్వీపమున ఈ పదార్థమును విషముతో కలిపి చిన్న పలకలకు పట్టించి విమానముల నుండి వెదజల్లి, డోర్సాలిస్ జాతి మగ యీగలను చంపి, ఆ జాతిని ద్వీపము నుండి తుడిచివేసిరి.

కాని కొండ నారింజ యీగకు ఈ వాసన పట్టదు. కమలా తోటలో మిథైల్ యూజినాల్ బుట్ట కట్టిన రైతు, అందులో పడిన డోర్సాలిస్ మగ యీగలను చూచి తన తోటకు రక్షణ కలిగినదని తలంచును. మినాక్స్ ఆడ యీగ ఆ బుట్ట ప్రక్కనే కూర్చుండి కాయలో గ్రుడ్లు పెట్టుచుండును. బుట్ట నిండును, తోట రాలును. దానిని ఆకర్షింపవలెనన్న మాంసకృత్తులతో చేసిన ఎర కావలెను. ఒక జాతికి అమృతమువంటి ఉపాయము మఱియొక జాతియెడ నిష్ప్రయోజనము. జాతి నిర్ణయమునకు ఇంత విలువ కలుగుటకు కారణ మిదియే.

క్రొత్తజాతిని నిర్ణయించు క్రమము

తోటలో కనబడిన ప్రతి వింత యీగయు క్రొత్తజాతి కాదు. ఒకే తల్లి పిల్లలలో నొకటి నలుపు, నొకటి చామనచాయ యగుట మన యిండ్లలోను పశువులలోను చూచుచున్నాము. అట్లే ఈగలలోను రంగు, పరిమాణము మాఱుచుండును. తమలో తాము జతకట్టి సంతానము పొందుచు, ఇతరములతో కలియక వేఱుగా నిలుచు ప్రాణుల సమూహమును జాతి యని స్థూలముగా చెప్పవచ్చును. వింత యీగ యట్టి వేఱు సమూహమునకు చెందినదా, లేక తెలిసిన జాతిలోని రంగు మార్పా యని తేల్చుటయే పరీక్షకుని పని.

మొదటి పని సేకరణము. ఒక్క యీగ చాలదు. మగవియు ఆడవియు, వేఱువేఱు తోటలనుండి, వేఱువేఱు ఎత్తులనుండి కావలెను. కాయలోని పురుగును చూచి జాతి చెప్పుట కష్టము కావున, పురుగు పట్టిన కాయలను ఇసుక పోసిన కుండలో నుంచి, గుడ్డ కట్టి, రెక్కల యీగలు వచ్చువఱకు పెంచుదురు. వచ్చిన వెంటనే వానిని చంపరాదు. పుట్టినపుడు దేహము మెత్తగాను వన్నె వెలవెలబోయియు నుండును. చక్కెర నీరు పెట్టి మూడు నాలుగు దినములు బ్రదుకనిచ్చినగాని నిజమైన రంగులు, గుర్తులు తేలవు. ఇది తెలియక చంపిన లేత యీగలను చూచి, లేని జాతిని ఉన్నదని భ్రమించుటకు అవకాశము కలదు.

రెండవ పని భద్రపఱచుట. సన్నని సూదిని వీపు నడిమి గీతకు కుడిప్రక్కగా గ్రుచ్చుదురు. నడుమ నున్న గుర్తులు చెడకుండుటకే యీ జాగ్రత్త. సూదికి చిన్న కాగితపు చీటీ తగిలించి, దానిపై ఊరు, జిల్లా, సముద్రమట్టమునుండి యెత్తు, తేది, ఏ చెట్టు కాయనుండి వచ్చినది, ఎవరు పట్టిరి అను వివరములు వ్రాయుదురు. చీటీ లేని యీగ పట్టా లేని పొలము వంటిది. ఎంత మంచిదైనను హక్కు చెప్పుటకు పనికిరాదు. కొన్నింటిని సారాయి సత్తులో, అనగా ఆల్కహాలులో, వేసి లోపలి పరీక్షలకు ఉంచుదురు.

మూడవ పని పరీక్ష. సూక్ష్మదర్శినిలో ముఖముమీది మచ్చలు, వీపు చారలు, వెండ్రుకల సంఖ్యయు వాని స్థానమును, రెక్కల యీనెలు, రెక్క అంచున నుండు గోధుమరంగు పట్టీ, కడుపుమీది గుర్తులు, గ్రుడ్లు పెట్టు సూది కొన యాకారము, వీని నన్నిటిని చూచి కొలిచి బొమ్మలు వ్రాయుదురు. ఆడ యీగ సూదిని క్షారద్రావణములో నానబెట్టి లోపలి భాగమును వెలికి లాగి కొలుతురు. అంగుళములో నూఱవ వంతునకు లోబడిన భేదములే యొకప్పుడు జాతిని తేల్చును.

నాలుగవ పని పోలిక. ఇదివఱకు పేరు పెట్టిన జాతులలో దీనికి దగ్గఱి వన్నిటితో పోల్చవలెను. పుస్తకములోని వర్ణన చాలదు. మొదట వర్ణించిన శాస్త్రజ్ఞుడు ఏ యీగను చూచి వ్రాసెనో, ఆ మూల నమూనాతోనే పోల్చుట యుత్తమము. అట్టి మూల నమూనాలు ప్రపంచములోని గొప్ప వస్తుప్రదర్శనశాలలలో భద్రముగా నుంచబడినవి. మన దేశమున ఢిల్లీ పూసా సంస్థలోని జాతీయ కీటకసంగ్రహము, కలకత్తాలోని భారత జంతుసర్వేక్షణ సంస్థ, బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ యీ పనికి ప్రసిద్ధమైనవి.

అయిదవది జన్యుపరీక్ష. 2003వ సంవత్సరమునుండి ఒక పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. ప్రాణి కణములోని యొక జన్యువునందు సుమారు 650 అక్షరముల భాగమును చదివి, దానిని జాతి ముద్రగా వాడుదురు. కాయలోని పురుగునైనను, విఱిగిన కాలునైనను దీనితో పరీక్షింపవచ్చును. ఇది గొప్ప సౌకర్యము. అయినను దగ్గఱి బంధువులైన కొన్ని పండు ఈగలను ఈ ముద్రయొక్కటియే వేఱుచేయజాలదు. కావున రూపము, జన్యువు, నడవడి, ఆహారము అను పెక్కు సాక్ష్యములు ఒకే మాట చెప్పినపుడే తీర్పు నిలుచును.

కడపటి పని నామకరణము. ప్రాణుల పేర్లు పెట్టుటకు సర్వదేశములకును సమ్మతమైన నియమావళి గలదు. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథము మొదలుకొని పేర్లు లెక్కకు వచ్చును. పేరు రెండు మాటలుగా నుండవలెను. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. పేరు పెట్టువారు తమ వర్ణనను ముద్రించి ప్రకటింపవలెను. ఏ నమూనా మూలమో స్పష్టముగా చెప్పవలెను. ఒకే జాతికి రెండు పేర్లు పడినయెడల ముందుదియే చెల్లును. మన తగవులలో ముందు తేదిగల దస్తావేజునకు విలువ హెచ్చగుట వంటిదే యిది.

రెండు పేర్లు, ఒక యీగ

ఇంత జాగ్రత్త తీసికొన్నను చిక్కులు రాకపోవు. 2003వ సంవత్సరమున ఆఫ్రికాలోని కెన్యా దేశపు సముద్రతీర ప్రాంతమున అంతకు మున్ను అచ్చట నెఱుగని పండు ఈగ కానవచ్చెను. అది కొద్ది సంవత్సరములలోనే సహారా యెడారికి దక్షిణముననున్న పెక్కు దేశములకు వ్యాపించి మామిడి పంటను చెఱచెను. 2005లో డ్రూ, త్సురుటా, వైట్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు దానిని శ్రీలంక యీగలతో పోల్చి, యిది క్రొత్తజాతి యని బాక్ట్రోసెరా ఇన్వేడెన్స్, అనగా దండెత్తి వచ్చునది, అని పేరు పెట్టిరి. దాని వీపు రంగు నలుపు మొదలు ఎఱుపు గోధుమ వఱకు మాఱుచుండెను.

క్రొత్త పేరుతో క్రొత్త భయములు పుట్టెను. దండెత్తు యీగ యున్న దేశపు పండ్లకు ఇతర దేశములు తలుపులు మూసికొనెను. ఇదివఱకే డోర్సాలిస్ యీగ గల దేశములు సయితము, ఇది వేఱు జాతి కావున మాకు ముప్పు అనిరి. డోర్సాలిస్ పై చేసిన వేడినీటి పరీక్షలు, ఎరల లెక్కలు దీనికి వర్తించునా యను సందేహము కలిగెను. ఈ చిక్కును విప్పుటకు ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థయు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు కలిసి 2010లో పరిశోధనలు ప్రారంభించినవి. దేహ నిర్మాణము, జన్యువులు, క్రోమోజోములు, మగ యీగలు వెలువరించు వాసనలు పోల్చబడినవి. రెండు పేర్ల యీగలను ఒక్క పంజరములో విడిచి, జతకట్టునా, వాని పిల్లలకు సంతానము కలుగునా యని చూచిరి. అవి నిరాటంకముగా జతకట్టి బలమైన సంతానము పొందినవి.

2015వ సంవత్సరమున 20 దేశములకు చెందిన సుమారు 50 మంది శాస్త్రజ్ఞులు తమ తీర్పును ప్రకటించిరి. ఇన్వేడెన్స్ యని, పపాయే యని, ఫిలిప్పినెన్సిస్ యని వేఱువేఱు పేర్లు పొందినవన్నియు డోర్సాలిస్ జాతియే. కారంబోలే యను దగ్గఱి బంధువు మాత్రము నిజముగా వేఱు జాతి యని నిలిచినది. ఈ తీర్పును అంగీకరింపని పండితులును లేకపోలేదు. అందుపై వాదము నడచినది. అయినను పేర్లు కలిసిపోవుటచే కలిగిన మేలు గొప్పది. ఒక దేశమున ఋజువైన వేడినీటి చికిత్స, ఎరల పద్ధతి, వ్యంధ్యములైన మగ యీగలను విడుచు పద్ధతి యితర దేశములకును పనికివచ్చునని యేర్పడినది.

మన రైతులకు ఈ విషయము దూరపుది కాదు. 2013వ సంవత్సరమున మన దేశమునుండి ఐరోపా సమాఖ్యకు వెళ్లిన 207 సరుకులలో పండు ఈగలు మొదలగు పురుగులు పట్టుబడినవి. అందుపై 2014 మే 1వ తేది మొదలు మన మామిడిపండ్లను, నాలుగు విధముల కూరగాయలను ఆ సమాఖ్య నిషేధించినది. ఎగుమతికి ముందు వేడినీటి చికిత్స, తనిఖీ మొదలగు కట్టుబాట్లు బిగించిన పిమ్మట 2015 జనవరిలో మామిడిపై నిషేధము తీసివేయుటకు నిర్ణయించిరి. కాయలో దాగిన పురుగు పేరేమి, అది యెంత వేడికి చచ్చును అను ప్రశ్నలకు సరియైన సమాధానము లేనియెడల బంగినపల్లి పండు గడప దాటదు.

ఒక పేరు, రెండీగలు

దీనికి వ్యతిరేకమైన కథ వరిపొలములో జరిగినది. ఉల్లికోడు మీకందఱికిని తెలిసినదే. పిలక ఉల్లికాడవలె గొట్టముగా మాఱి వెన్ను వేయదు. దానికి కారణము దోమవంటి చిన్న యీగ. దీనికి 1889వ సంవత్సరమున వుడ్-మేసన్ అను శాస్త్రజ్ఞుడు ఒరైజే అను జాతినామము నిచ్చెను. ఆఫ్రికాలోను వరికి ఇట్టి గొట్టములే కలుగుచుండుటచే, ఆ యీగయు నిదియే యని చిరకాలము తలంచిరి. 1982లో హారిస్, గానియే అను నిరువురు శాస్త్రజ్ఞులు రెండు ఖండముల నమూనాలను సూక్ష్మముగా పోల్చి, ఆఫ్రికా యీగ వేఱు జాతి యని నిరూపించి, దానిని ఒర్సియోలియా ఒరైజివోరా యను పేరుతో వర్ణించిరి.

ఆసియాలో ఉల్లికోడును తట్టుకొన్న వరి రకములు పెక్కు ఆఫ్రికాలో ఎందులకు లొంగిపోయినవో యిందువలన బోధపడినది. తాళము వేఱైనపుడు ప్రాత చెవి యెట్లు పట్టును? అచ్చటి యీగను తట్టుకొను వరిని అచ్చటి యీగతోనే పరీక్షించి ఎన్నుకొనవలసి వచ్చెను. మన దేశములోను ఉల్లికోడు ఈగ జాతి యొక్కటియే యైనను, అందు ఏడు బయోటైపులు గుర్తింపబడినవి. వరంగల్లు ప్రాంతపు దానిని 4ఎం అని పిలుతురు. ఇవి చూచుటకు భేదము లేనివి. ఏ వరిని లొంగదీయగలవు అను విషయమున మాత్రము భేదించును. కావున ఒక జిల్లాలో తట్టుకొన్న రకము మఱియొక జిల్లాలో తట్టుకొనలేదని విత్తనము నిచ్చినవారిని నిందించుటకు ముందు, పురుగు ఏ తెగకు చెందినదో విచారింపవలెను.

రైతులు చేయదగిన పని

జాతిని వర్ణించుట శాస్త్రజ్ఞుని పని. కాని క్రొత్త పురుగును మొదట చూచువాడు రైతు. అతడు చెప్పినగాని శాస్త్రజ్ఞునకు తెలియదు. కావున మీ తోటలో ఇదివఱకెఱుగని యీగ గాని, కాయలలో వింత పురుగు గాని కానవచ్చినయెడల ఈ క్రింది విధముగా చేయుడు.

పురుగు పట్టిన కాయలను పదింటికి తక్కువ కాకుండ ఏరి, అడుగున నాలుగంగుళముల పొడియిసుక పోసిన కుండలోనో, వెడల్పు మూతిగల డబ్బాలోనో ఉంచి, పలుచని గుడ్డను గట్టిగా బిగింపుడు. ఎండ తగులనీయకుడు. ఈగలు వెలువడిన పిమ్మట చక్కెర నీటిలో తడిపిన దూది నుంచి నాలుగు దినములు ఆగి, తరువాత స్పిరిట్టు పోసిన చిన్న సీసాలో వేయుడు. కొన్ని పురుగులను వేడినీటిలో ముంచి తీసి వేఱు సీసాలో వేయుడు; అట్లు చేయనియెడల అవి నల్లబడి చెడిపోవును. ఊరు, పంట, రకము, తేది పెన్సిలుతో చీటీపై వ్రాసి సీసాలోపలనే యుంచుడు, సిరా కరగిపోవును. వానిని సమీపముననున్న కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని, వ్యవసాయ విశ్వవిద్యాలయపు కీటకశాస్త్ర శాఖకు గాని అందజేయుడు. బ్రదికియున్న పురుగులను, పురుగు పట్టిన కాయలను దూరప్రాంతములకు తీసికొనిపోరాదు. శత్రువును మనమే బండి యెక్కించి పంపినట్లగును.

పేరు తేలువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. పండు ఈగ ఏ జాతిదైనను చెల్లు ఉపాయము ఒకటి గలదు: రాలిన కాయలను వెంటనే ఏరివేయుట. పురుగు కాయను విడిచి మట్టిలో చేరకముందే, రెండు మూడు దినముల కొకసారి ఏరి, మూడడుగుల లోతు గోతిలో పూడ్చి మట్టి గట్టిగా త్రొక్కవలెను. లేదా మందమైన ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పెట్టవలెను. ఏరి గట్టుమీద కుప్ప పోయుట వలన ప్రయోజనము లేదు. ఆ కుప్పయే ఈగలకు పురిటిల్లగును.

సంవత్సరమునకు ఒక్క తరము మాత్రము గల కొండ నారింజ యీగపై ఈ యుపాయము మఱింత బలముగా పనిచేయును. ఈ శరత్తున మట్టిలో చేరని పురుగు వచ్చే వసంతమున ఈగ కాజాలదు. కాని కొండవాలులోని రైతులందఱును కలిసి చేసినపుడే ఫలితము. ఒకడు ఏరి ప్రక్కవాడు ఏరనియెడల, ప్రక్క తోట యీగలు గట్టు దాటి వచ్చును. ఈగకు సరిహద్దు రాళ్లు కానరావు. భూటాను తోటలలో ఈ యీగను గూర్చి జరిగిన పరిశోధన 1999లో వాగెనింగెన్ విశ్వవిద్యాలయమున సిద్ధాంతగ్రంథముగా వెలువడినది. ఈగతో పోరాడ నేర్చుకొనుట యని దానికి పేరు. శాస్త్రజ్ఞులును రైతులును కలిసి నేర్చుకొనవలసిన పని యని ఆ పేరే తెలుపుచున్నది.

మహాశయులారా! ఎండర్లైన్ పండితుడు సిక్కిము యీగకు పేరు పెట్టి నూఱు సంవత్సరములు దాటినవి. ఆ పేరు వలన ఒక్క కాయయైనను తనంతట తాను రాలక నిలువలేదు. ఆ పేరు పట్టుకొని, అది యెప్పుడు పుట్టును, ఏమి తినును, ఏ వాసనకు వచ్చును, ఏ వాసనకు రాదు అని తరువాతివారు విచారించినందుననే రైతునకు ఉపాయము దొరకినది. కావున మీ పొలములో క్రొత్త పురుగు కనబడిననాడు, మందు దుకాణమునకు పోవుటకు ముందు, దానిని సీసాలో పట్టి ఇది యేమి యని యడుగుడు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. అడుగకపోయిన ఖర్చు మాత్రము పంట యింటికి చేరు దినమున తెలియును.